ఎవరూ అనని మాటలు

శాసనసభలో మాట్లాడేవాళ్లు మూడొందల మందైతే, వినేవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లంతా తమ వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చునేవాళ్లు. వాళ్లది వినడం అనరు. ఆ ఇద్దరూ అధ్యక్షుడి ఎత్తు కుర్చీ కింద చిన్న బల్ల దగ్గర ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చునే రిపోర్టర్లు. సభలో ఎవరేమన్నా షార్ట్‌హ్యాండులో రాసుకుని, పక్క గదిలో టైపు చేసి, సభా నివేదికలో చేర్చడం వాళ్ల ఉద్యోగం. పేపర్లవాళ్లలా నచ్చినవి మాత్రమే రాస్తే కుదరదు. దగ్గూ తుమ్మూ తప్ప అన్నీ రాయాలి.

ఇద్దరిలో పెద్దావిడను అందరూ పెన్సిలమ్మ అంటారు. పెన్ను కదలకపోతే మాట పోతుందని ముప్ఫై మూడేళ్లుగా పెన్సిలుతోనే రాస్తోంది. ఇన్నేళ్లలో ఆమె ఒక్క మాట తప్పు రాసిందని వేలెత్తి చూపినవాడు లేడు. ఇంకో పది వారాల్లో రిటైరవుతుంది.

ఆ పనికో పద్ధతి ఉంది. పది నిమిషాలకొకరు. ఒకరు రాస్తుండగానే రెండోవాళ్లు వచ్చి బల్ల మీద వేలితో ఒకసారి తడతారు. తట్టగానే మొదటివాళ్లు వాక్యం మధ్యలోనైనా సరే లేచిపోతారు. దాంతో పెన్సిలమ్మ ఇన్నేళ్లలో ఒక్క వాదన కూడా మొదలునుంచి తుదిదాకా వినలేదు. బడ్జెట్టు లోటు ఎందుకొచ్చిందో తెలిసేది గానీ, అది ఎలా పూడిందో జోడీవాడి పది నిమిషాల్లో తేలిపోయేది. ఆమె బుర్రలో దేశమంతా సగం సగం కథలుగా ఉండేది.

పద్ధతిలో ఇంకో సూత్రం కూడా ఉంది. రాసేటప్పుడు అర్థం చేసుకోకూడదు. అర్థం చేసుకోబోతే చెయ్యి ఆగుతుంది. మాట చెవిలో దూరి తిన్నగా చేతిలోకి దిగిపోవాలి, మధ్యలో మనసనే మజిలీ ఉండకూడదు. అందులో పెన్సిలమ్మ ఆరితేరింది. చెయ్యి రాస్తూంటే ఇంట్లో పప్పు ఉందో నిండుకుందో ఆలోచించుకోగలదు. మాటలు పట్టే యంత్రం పెట్టాలని సభ ఇరవై ఏళ్లుగా తీర్మానం చేస్తూనే ఉంది. ఆ తీర్మానాలన్నీ రాసింది ఆవిడే.

ఆ వారం సభ ముందున్నది సమాన భృతి బిల్లు. సర్కారు ఇచ్చే పెన్షన్లన్నీ సగానికి తగ్గించి, ఆ మిగిలినదానికి ఇంకొంత చేర్చి, వయసొచ్చిన ప్రతి మనిషికీ నెలనెలా ఒకే మొత్తం ఇవ్వాలని. పనిచేశావా, చెయ్యలేదా, ఎందుకు చెయ్యలేదు అన్న ప్రశ్న ఉండదు. నాలుగు రోజులుగా దాని మీద నిప్పులు కురుస్తున్నాయి.

"పొద్దస్తమానం గొడ్డుచాకిరీ చేసినవాడికీ, అరుగు మీద కూచుని ఆవులించినవాడికీ ఒకటే కొలతా అధ్యక్షా?" అని ఒకరు.

"ఆకలి హాజరుపట్టీ చూసి వేస్తుందా అధ్యక్షా?" అని ఇంకొకరు.

ఇద్దరి మాటలూ ఆవిడ ఒకే వంపుతో రాసింది. కానీ లోపల ఆవిడ ఓటు మొదటివాడికే. ముప్ఫై మూడేళ్లు నడుము వంచి సంపాదించుకున్న పెన్షను, చేతికి రాకముందే సగమవుతుందంటే ఎవరికి కడుపు మండదు? బిల్లు నెగ్గితే, ఏ ఉద్యోగమూ లేకుండా ఆవిడ దగ్గరే ఉంటున్న చెల్లెలికి మాత్రం జీవితంలో మొదటిసారి సొంత డబ్బు వస్తుంది. ఈ సంగతి అక్కాచెల్లెళ్లిద్దరికీ తెలుసు. ఇద్దరూ ఒకరితో ఒకరు దాని ఊసెత్తలేదు. బిల్లు మీద దేశమంతా కొట్టుకుంటోంది, ఆ ఇంట్లో మాత్రం కూర గురించే మాట్లాడుకున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం, భోజనాలయ్యాక, సభ సగం నిండి ఉంది. పొడుగాటి కిటికీల్లోంచి ఎండ వచ్చి బల్లల మీద వాలింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయో ఆగాయో తెలియనంత మెల్లగా తిరుగుతున్నాయి. ఒక సభ్యుడు లెక్కలు చదువుతున్నాడు. ఆ గొంతులో ఎత్తూ పల్లం లేదు. పెన్సిలమ్మకు సరిగ్గా ఎదురుగా మౌనస్వామి కూర్చున్నాడు. గెలిచి నాలుగేళ్లైనా ఒక్కసారీ నోరు విప్పని సభ్యుడాయన. చేతులు పొట్ట మీద పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. నిద్రపోతున్నవాణ్ణి చూస్తే నిద్ర అంటుకుంటుందంటారు. పెన్సిలమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. చెయ్యి రాస్తూనే ఉంది. మనిషి మాత్రం మెల్లగా జారిపోయింది.

సభ ఉంది, కానీ అందులో ఎవరూ లేరు. బల్లలన్నీ ఖాళీ. మధ్యలో మాత్రం, ఎప్పుడో పోయిన వాళ్ల అమ్మ మంచం వేసి ఉంది, శుభ్రంగా దుప్పటి పరిచి. చెల్లెలు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఎండ ఆమె ఒళ్లో పడింది. "అధ్యక్షా" అంది, ఇంట్లో కూర గురించి చెప్పే గొంతుతోనే. తర్వాత మాట్లాడుతూ పోయింది. ఆమె ఎక్కడా తొందరపడలేదు. ఎవరూ అడ్డురాలేదు, గంట కొట్టలేదు. వింటూంటే ఎంతో హాయిగా ఉంది. ఎప్పుడో తెలిసిన దారిలో నడుస్తున్నట్టుంది.

బల్ల మీద వేలు తట్టింది. జోడీ రిపోర్టరు వచ్చాడు. సెకను తేడా రానివ్వడని అతణ్ణి గడియారం అంటారు. పెన్సిలమ్మ లేచింది, పక్క గదికి వెళ్లింది, నోట్‌బుక్కు చూస్తూ టైపు చేసింది. టైపు చేసేటప్పుడూ అర్థం చేసుకోదు కదా. మాట్లాడేవాళ్ల సీటు నంబరు మార్జిన్లో వేసుకుంటారు; అక్కడ తన ఎదుటి సీటు నంబరు పడి ఉంది, ఆ సభ్యుడి పేరే కొట్టింది. కాగితాలు వెళ్లిపోయాయి.

రూలు ప్రకారం ఎవరి ప్రసంగం వాళ్లకు దిద్దుకోవడానికి పంపుతారు. నాలుగేళ్లలో మౌనస్వామికి అలాంటి కాగితం రావడం అదే మొదలు. ఆయన సంబరంగా, చదవకుండా, పెద్ద సంతకం చేసి పంపించాడు.

మర్నాడు పొద్దున పెన్సిలమ్మ టిఫిను తింటోంది. పొద్దున్నే అక్క కళ్లకు శ్రమ ఎందుకని పేపరు చెల్లెలే చదివి వినిపిస్తుంది. ఆ రోజు మొదటి పేజీలో సభా నివేదికలోంచి వేసిన వార్త చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"అక్కా, ఇది విను. ఎవరో మహానుభావుడు, ఎప్పుడూ మాట్లాడడట. నిన్న లేచి ఏమన్నాడో విను." గొంతు సవరించుకుని చదివింది. "'అధ్యక్షా, పదకొండేళ్లు నేను ఒక మనిషిని లేపి కూచోబెట్టాను, పడుకోబెట్టాను. దానికి జీతం లేదు, సెలవూ లేదు. మా అమ్మ పోయిన రోజు అందరూ అమ్మ కోసం ఏడ్చారు. నేనూ ఏడ్చాను. రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియక కూడా ఏడ్చాను. నాకు ఎవరూ లోటు చెయ్యలేదు. కానీ అన్నీ ఉన్న ఇంట్లో, అడిగి తీసుకోవాల్సింది నేనొక్క మనిషినే. అడిగితే లేదనరు. లేదనరు కాబట్టే అడగలేను. ఒక్కరోజు ఎవరికీ చెప్పకుండా బజారుకు పోయి, అక్కర్లేని వస్తువొకటి కొనుక్కుని, ఎందుకు కొన్నావని ఎవరూ అడక్కుండా దాన్ని చూసుకుంటూ కూచోవాలని ఉంది.'"

పెన్సిలమ్మ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మంచం, దుప్పటి, ఒళ్లో ఎండ అన్నీ తిరిగొచ్చాయి.

"చూశావా, నా నోట్లోంచి ఊడిపడ్డట్టుంది," అంది చెల్లెలు, పేపరు మడుస్తూ. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "మగవాడై ఉండి కూడా ఎలా తెలిసిందో. ఆయన్ని ఒక్కసారి చూడాలని ఉందక్కా. సభకు నన్ను తీసుకెళ్తావా?"

"చూద్దాంలే," అంది పెన్సిలమ్మ. తేలు కుట్టిన దొంగకు అంతకన్నా మాట రాదు.

ఆఫీసుకు వెళ్లి నోట్‌బుక్కు తీసి చూసుకుంది. ఉంది. పెన్సిలు ఒక్కచోట కూడా తడబడలేదు. అసలు లెక్కలు చదివిన సభ్యుడి ప్రసంగంలోనే నాలుగు నిమిషాలు గల్లంతయ్యాయి. ఆ పెద్దమనిషి తన ప్రసంగం తనకే గుర్తులేక ఊరుకున్నాడు.

పదకొండింటికి మౌనస్వామే టైపు గదికి వచ్చాడు, గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ.

"అమ్మా, ఒక్క మాట. నేను నిన్న మాట్లాడానా?"

పెన్సిలమ్మ తల వంచుకుంది.

"ఊరంతా ఫోన్లు. దండలు తెస్తామంటున్నారు. నాకేమో గుర్తులేదు. ఆ వేళ జలుబు మాత్ర వేసుకున్నాను, ఆ మత్తులో అన్నానేమో అనుకున్నా. మా ఆవిడ మాత్రం పొద్దుట్నుంచీ ఒకటే నవ్వు. 'మీ అమ్మకి గ్లాసు మంచినీళ్లిచ్చిన పాపాన పోయారా మీరు' అంటోంది. అదీ నిజమే. అంతా మా వదిన చేసింది." ఆయన గుమ్మం దాటి ఒక అడుగు లోపలికి వేశాడు. "కానీ అమ్మా, ఆ మాటలు చదివాక వదినకి ఫోను చేశాను. ఆరేళ్ల తర్వాత."

ఆయన జవాబు కోసం ఆగలేదు. బహుశా వినాలని లేదేమో.

ఆ మధ్యాహ్నమే పిడుగు లేచాడు. మౌనస్వామి పక్క సీటు ఆయనది. ఆయన మాట్లాడితే కిటికీ అద్దాలు అదురుతాయని ఆ పేరు.

"అధ్యక్షా, నేను ఈయన పక్కనే కూచున్నాను. ఈయన గురక విన్నాను గానీ ప్రసంగం వినలేదు! ఇది ఎవరో కల్పించింది!"

సభ గొల్లుమంది. అధ్యక్షుడు నోట్‌బుక్కు తెప్పించాడు. షార్ట్‌హ్యాండు తెలిసిన అధికారి ఒకాయన వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, వేలితో గీతల వెంట నడిచి, అక్షరం పొల్లుపోకుండా ఉందన్నాడు. అంతటితో సభ చల్లబడింది. పెన్సిలమ్మ నోట్‌బుక్కులో ఉందంటే అన్నట్టే. ఆ తర్వాత జరిగిందే వింత. ఒక్కొక్కరికీ గుర్తుకురావడం మొదలైంది. ఆ మాటలప్పుడు తన ఒళ్లు జలదరించిందని ఒకావిడ అంది. ఆయన గొంతు వణికిందని ఇంకొకాయన అన్నాడు. చివరికి పిడుగే గడ్డం గోక్కుంటూ, "ఏదో గొణిగినట్టు మాత్రం వినబడింది అధ్యక్షా" అని కూర్చున్నాడు. ఎవరూ అనని మాటను అందరూ విన్నారు. పెన్సిలమ్మ బల్ల దగ్గర కూర్చుని అవన్నీ రాసింది. ఇది కూడా కలేనేమోనని ఆవిడకు అనుమానం వచ్చింది.

సాయంత్రం గడియారంతో చెప్పేసింది. అతను చుట్టూ చూసి తలుపు వేశాడు.

"అక్కా, పది వారాలు. పది వారాలు ఊరుకుంటే మీరు దర్జాగా దండ వేయించుకుని వెళ్లిపోతారు. ఇప్పుడు బయటపెడితే విచారణ అంటారు. పెన్షను ఆపేస్తారు. బిల్లు నెగ్గితే సగమైనా వస్తుంది, ఇలా అయితే అదీ లేదు. ఆయన సంతకం పెట్టాడు, సభ నమ్మింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. పెన్సిలమ్మకు ఆ పెన్షను తప్ప వేరే ఆధారం లేదు, చెల్లెలికి ఆవిడ తప్ప వేరే ఆధారం లేదు. ఊరుకోవడమే తెలివి. బస్సులో ఇంటికి వెళ్తూ ఊరుకోవాలనే నిశ్చయించుకుంది కూడా.

ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు ఆ పేపరు ముక్క కత్తిరించి, అన్నం మెతుకులతో ఒక అట్టకు అంటిస్తోంది. బల్ల మీద ఏదో ఫారం ఉంది. ఇలాంటి ఫారాలు ఏటా ఏవో ఒకటి వస్తాయి, చక్కటి చేతిరాత కాబట్టి అక్కే నింపుతుంది. ఇద్దరి పేర్లు, ఇద్దరి వయసులు, ఇద్దరి వృత్తులు. తన పేరు ఎదురుగా 'ప్రభుత్వోద్యోగం' అని రాసింది. చెల్లెలి పేరు ఎదురుగా, ఎన్నేళ్లుగానో రాస్తున్నట్టే, 'ఏమీ లేదు' అని రాయబోయింది. పెన్సిలు కదల్లేదు.

"ఆయనకి ఉత్తరం రాయాలనుందక్కా," అంది చెల్లెలు, అట్టను గోడకు ఆనించి చూసుకుంటూ. "అయ్యా, మీ మాటలు చదివాక నేనూ మనిషినే అనిపించిందీ అని. నువ్వు ఇవ్వగలవుగా ఆయన చేతికి?"

పెన్సిలమ్మకు ఏడుపొచ్చింది. దాని మాటలు దానికే ఎవడో దానం చేసినట్టుంది, పైగా ఇది వాడికి దణ్ణం పెడుతోంది. రేపటి సభకు గ్యాలరీ పాసు ఇప్పిస్తానని మాత్రం చెప్పగలిగింది.

పొద్దున సభ మొదలవకముందే అధ్యక్షుడి గదిలో నిలబడింది. ఆయన చివరిదాకా విని, తలుపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"నిద్రలోనా?"

"అవును సార్."

"ఈ మాట నేను విననట్టు ఉండిపోగలను."

"నేను అననట్టు ఉండలేను సార్. ఆ మాటలు ఆయనవి కావు. నివేదికలోంచి తీసెయ్యండి."

ఆయన నిట్టూర్చి రూళ్ల పుస్తకం తెరిచాడు. "మీ పెన్షను ఆపాల్సొస్తుంది, విచారణ అయ్యేదాకా. ఎన్నాళ్లో చెప్పలేను. ఇక తొలగింపు సంగతా..." పేజీ మీద వేలు పెట్టి, ఆగి, ఆవిడ వంక అదోలా చూశాడు. "ఏ మాటలు తొలగిస్తున్నామో ఆ మాటలు సభలో చదివి వినిపించాలట."

సభ నిండింది. గ్యాలరీ మొదటి వరసలో చెల్లెలు కూర్చుంది, మంచి బట్టలు కట్టుకుని, మౌనస్వామి ఎవరా అని వెతుక్కుంటూ. అధ్యక్షుడు జరిగింది చెప్పాడు. రిపోర్టరు నిద్రలో రాసిందనీ, శాఖాపరమైన విచారణ ఉంటుందనీ, పెన్షను నిలుపుతున్నామనీ. మౌనస్వామి కళ్లు మూసుకున్నాడు, ఈసారి నిద్ర కాదు. సభ హోరెత్తింది. కార్యదర్శి కాగితం పట్టుకుని లేచాడు. సంతాప తీర్మానమైనా, క్యాంటీను ధరలైనా ఆయనది ఒకటే చప్పిడి గొంతు. ఆ గొంతులో ఏ నటనా లేదు. హోరు అణిగింది.

"'పదకొండేళ్లు నేను ఒక మనిషిని లేపి కూచోబెట్టాను...'"

ఆ పది నిమిషాలు పెన్సిలమ్మవే. రాస్తోంది. కానీ ఈసారి మాట చెవిలోంచి చేతిలోకి దిగడం లేదు, మధ్యలో ఆగుతోంది. ఆవిడకు అర్థమవుతోంది. 'లేదనరు కాబట్టే అడగలేను' దగ్గర చెయ్యి పూర్తిగా ఆగిపోయింది. ముప్ఫై మూడేళ్లలో మొదటిసారి. గడియారం వెనకనుంచి వచ్చి, బల్ల తట్టకుండానే, పక్కన వంగి నిలబడి మిగతాది తన నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

చదవడం అయిపోయింది. మూడొందల మంది ఆ మాటలు ఈసారి నిజంగా విన్నారు.

"తొలగింపు పత్రంలో నింపాలి," అన్నాడు అధ్యక్షుడు మెల్లగా. "ఇవి ఎవరి మాటలు?"

సభలో నోరెత్తే హక్కు రిపోర్టరుకు లేదు. పెన్సిలమ్మ లేచి నిలబడింది.

"మా చెల్లెలివి, అధ్యక్షా."

గడియారం అదీ రాసుకున్నాడు. బిల్లు మీద ఓటింగు సోమవారానికి వాయిదా పడింది.

సభ బయట పెద్ద మెట్ల మీద ఎండ కాస్తోంది. అందరూ ఎవరి దారిన వాళ్లు దిగిపోతున్నారు. కొందరు ఆగి చూస్తున్నారు. చెల్లెలు పై మెట్టు మీద నిలబడి ఉంది.

"నీ పెన్షను ఆపేస్తారటగా."

"విచారణ అయ్యేదాకా."

"నేను ఆ మాటలు నీతో ఎప్పుడైనా అన్నానా?"

"లేదే."

"బజారు సంగతి కూడా?"

"అనలేదు."

"మరి నీకెప్పటినుంచి తెలుసు?"

ముప్ఫై మూడేళ్లలో పెన్సిలమ్మ ఎన్నో డొంకతిరుగుడు జవాబులు రాసింది. సమాచారం సేకరిస్తున్నామనీ, త్వరలో సభ ముందుంచుతామనీ. అవన్నీ చేతికందేంత దగ్గరలో ఉన్నాయి.

"అమ్మ పోయిన మర్నాటినుంచీ," అంది.

చెల్లెలు వేళ్ల మీద లెక్క కట్టుకుంది. అమ్మ పోయి తొమ్మిదేళ్లు.

"తొమ్మిదేళ్లు తెలిసి ఊరుకున్నావా? నిద్రపోతేగానీ అనబుద్ధి కాలేదా అక్కా?"

పెన్సిలమ్మ మెట్టు మీద కూర్చుంది. చెల్లెలు కదల్లేదు. తర్వాత ఆమె కూడా వచ్చి అదే మెట్టు మీద, ఒక మనిషి పట్టేంత దూరంలో కూర్చుంది. వాళ్ల బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది, ఇద్దరూ లేవలేదు.